లైడెన్ దిగుడుబావి

1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదిన గుంటూరు మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ సాగిపోయినది. ఊరివారు పట్టుస్నానములకును విడుపుస్నానములకును ఆయత్తపడుచు, ఊరగాయజాడీలపై దర్భపోచలు వేసికొనుచుండియుండు ఆ వేళ, జాన్సెన్ అను ఫ్రెంచి జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు అదే ఊరిలో దూరదర్శినికి వర్ణపటదర్శినిని బిగించి, కప్పబడిన సూర్యబింబపు అంచున లేచిన ఎఱ్ఱని జ్వాలలను పరికించుచుండెను. మచిలీబందరులో మద్రాసు నక్షత్రశాలాధికారి పాగ్సన్ అదే పని చేయుచుండెను. ఆ జ్వాలల వెలుతురును విప్పి చూచినపుడు పసుపుపచ్చని గీత యొకటి అందులో కనబడినది. సోడియపు గీత కాబోలునని పలువురు సరిపెట్టుకొనిరి. హీలియము గుంటూరులోనే బయటపడినదని మనవారు గర్వముతో చెప్పుకొనుటకు నేను అడ్డుచెప్పను గాని, న్యాయముగ చెప్పవలసిన మాట వేఱు: అది సోడియము గాదనియు, భూమిపై ఎవ్వరును ఎఱుగని పదార్థమేదో సూర్యునియందు కలదనియు పట్టుబట్టినవాడు, రెండు నెలల తరువాత ఇంగ్లండులో గ్రహణముతో పనిలేకయే ఆ గీతను చూచిన లాకియరు. సూర్యుని గ్రీకు నామమే ఆ పదార్థమునకు పేరైనది. ఇరువదియేడేండ్లు అది సూర్యలోకవాసిగనే యుండి, 1895లో రామ్సే ఒక యురేనియపు ఖనిజమును ఆమ్లముతో కాచినపుడు మొట్టమొదట భూమిపై చేతికి చిక్కినది.

నేను చెప్పబూనినది ఆ వాయువు కథ కాదు. దానిని నీరుగ మార్చిన యొక యంత్రముయొక్క జీవితకథ. ఆ యంత్రము పుట్టినది హాలండు దేశమున లైడెన్ నగరములో, దాని తండ్రి హైకె కామర్లింగ్ ఓనెస్ అను ఆచార్యుడు. గ్రోనింగెన్ పట్టణపు పెంకుల కర్మాగారము యజమాని కుమారుడగు ఈయన, 1882లో లైడెన్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యపీఠము నధిష్ఠించిన నాడే, కొలుచుటచేతనే తెలిసికొనవలెనను సూత్రమును తన ప్రయోగశాలకు ధ్యేయముగ ప్రకటించెను. ఆ కాలపు ఆచార్యులు ఒక బల్ల, రెండు గాజుబుడ్లు, ఒక సహాయకుడు ఉన్న చాలునని తలంచువారు. ఈయనకు కావలసినది ఒక కర్మాగారము. ఆవిరియంత్రములు, పంపులు, సంపీడకములు చేర్చుకొనుటయే కాక, వానిని నడపుటకును గాజును ఊదుటకును కుఱ్ఱవాండ్రను తర్ఫీదుచేయు బడినొకదానిని 1901లో స్థాపించెను. నీలపు అంగీలు తొడుగుకొనిన ఆ విద్యార్థులను ఊరివారు నీలి కుఱ్ఱలనిరి. భౌతికశాస్త్రమును ఇంటిపరిశ్రమ స్థితినుండి పెద్దపరిశ్రమ స్థితికి ఎత్తినవారిలో ఈయనయే ప్రథముడని నా అభిప్రాయము. దాని మంచిచెడ్డలు రెండును ఆయన ఖాతాకే చెందవలెను.

ఊరివారికి ఆ పరిశ్రమయన్న గుండెదడ లేకపోలేదు. ప్రయోగశాల నిలిచిన స్థలము 1807లో మందుగుండు నింపిన పడవ యొకటి కాలువలో పేలి ఇండ్లను నేలమట్టము చేయగా ఏర్పడిన పాటిదిబ్బ. అట్టి చోట ఒక ఆచార్యుడు అధికపీడనమున వాయువులను సిలిండర్లలో కూరి దాచుచున్నాడని విన్నపుడు నగరసభ మొఱపెట్టుకొనుట సహజమే గదా! 1895 మొదలు సుమారు మూడేండ్లు ఆ పని ఆగిపోయినది. విచారణసంఘములో వాన్‌డెర్‌వాల్స్ మహాశయుడు కూర్చుండెను. ఓనెస్‌కు ప్రతిస్పర్ధియగు జేమ్స్ డీవార్ సయితము లండనునుండి ఆయన పక్షమున జాబు వ్రాసెను. ఆ ఉదారుడే, లైడెన్‌లో పంపులు మూగవోయిన ఆ కాలమున, 1898లో, తాను హైడ్రోజనును ద్రవీకరించి పందెమున ముందునకు పోయెను. మనము కాఫీ పోసికొని ప్రయాణములకు తీసికొనిపోవు థర్మాస్ ఫ్లాస్కు ఈ డీవార్ సృష్టియే. దానికి ఆయన పేటెంటు తీసికొనకపోగా లాభము జర్మనులకు దక్కినది.

ఇక యంత్రమును గూర్చి. శీతలమును ఉత్పత్తిచేయుట యన, నిజమునకు, లోతునకు దిగుట. మన దేశపు దిగుడుబావిని తలచుకొనుడు: అడుగుననున్న నీటిని ముట్టవలెనన్న పై మెట్టునుండి దుముకుట కుదరదు, ఒక్కొక్క మెట్టుమీద నిలిచి తరువాతి మెట్టునకు కాలు చాపవలెను. ఓనెస్ కట్టిన దిగుడుబావికి మొదటి మెట్టు మిథైల్ క్లోరైడు, రెండవది ఎథిలీను, మూడవది −183 డిగ్రీల యొద్ద మరుగు ఆమ్లజని, దాని సాయముతో ద్రవవాయువు. ఆపైన −253 డిగ్రీల యొద్ద మరుగు హైడ్రోజను. మిక్కిలి నొక్కబడిన వాయువును సన్నని రంధ్రము గుండ ఒక్కసారి వదలినచో, దాని అణువులు ఒండొంటి ఆకర్షణను తెంచుకొనుటకై తమ శక్తినే వెచ్చించి చల్లబడును. కాని ఇది ప్రతి వాయువునకును ఒక హద్దునకు దిగువననే జరుగును; ఆ హద్దునకు ఎగువ వదలినచో తద్విరుద్ధముగ వేడెక్కును. హీలియమునకు ఆ హద్దు పరమశూన్యమునకు పైన, అనగా −273 డిగ్రీలకు పైన, సుమారు 40 డిగ్రీలు మాత్రమే. కావున ద్రవ హైడ్రోజనను మెట్టుమీద నిలువనివానికి హీలియపు నీరు ముట్టరానిదే.

ఆ మెట్టు లైడెన్‌లో 1906లో అమరినది. తరువాతి కొఱత హీలియమే. ఆమ్‌స్టర్‌డాములోని వాణిజ్యసమాచారశాఖ ద్వారమున ఆచార్యుని సోదరుడు అమెరికాలోని ఉత్తరకరోలినా రాష్ట్రపు మోనజైటు ఇసుకను మూటలకొలది తెప్పించి ఇచ్చెను. (ఈ ఇసుక మన భీమునిపట్టణము తీరమునను కలదు.) దానిని కాచి, వెలువడిన వాయువును పలుమాఱులు శుద్ధిచేసి, రసాయనజ్ఞులు 360 లీటర్ల హీలియమును కూడబెట్టిరి. యంత్రము గర్భమును గాజుతో ఊదినవాడు కెసెల్రింగ్, లోహభాగములను అమర్చినవాడు ఫ్లిమ్. నడుమ హీలియపు పాత్ర. దాని చుట్టును ద్రవ హైడ్రోజను. దాని చుట్టును ద్రవవాయువు. అన్నిటికిని వెలుపల, గాజుపై మంచు పట్టి చూపును కప్పివేయకుండుటకై, గోరువెచ్చని ఆల్కహాలు. ఇన్ని పొరల గాజుల గుండ లోని బొట్టును చూడవలసియుండెను.

1908వ సంవత్సరము జూలై 10వ తేది ఉదయము 5-45 గంటలకు పని ప్రారంభమైనది. 75 లీటర్ల ద్రవవాయువు ముందునాడే సిద్ధమై యుండెను. మధ్యాహ్నము 1-30 గంటకు 20 లీటర్ల ద్రవ హైడ్రోజను చేరినది. ఆచార్యుడు చేయి తీయుటకు వీలులేక నిలిచియుండగా ఆయన భార్య వచ్చి రొట్టెముక్కలను నోటికందించెనని చెప్పుకొందురు. 4-20 గంటలకు హీలియము యంత్రములో తిరుగసాగినది. ఆ పిమ్మట గంటలు గడచినవి, ఉష్ణమాపకము దిగుచు ఎక్కుచు ఊగులాడినది, హైడ్రోజను బుడ్లు ఒక్కటొక్కటిగ ఖాళీయైనవి. రాత్రి 7-30 గంటల ప్రాంతమున, కడపటి బుడ్డి తగిలించిన తరువాత, ఉష్ణమాపకపు ముల్లు ఒకచోట నిలిచి, పీడనము ఎంత మార్చినను కదలదాయెను. ఓటమి తప్పదని తోచుచున్న ఆ క్షణమున, చూడవచ్చిన రసాయనాచార్యుడు ష్రైనెమాకర్స్, ఉష్ణమాపకము ద్రవములో మునిగియుండుట చేతనే కదలకున్నదేమో, క్రిందినుండి దీపము పెట్టి చూడుడనెను. దీపము పెట్టిరి. పాత్రలో నిండుగ ద్రవము నిలిచియుండెను; దాని ఉపరితలము గాజుపై కత్తియంచువలె స్పష్టముగ మెఱసినది. ఆ ద్రవము కేవలము 60 ఘనసెంటీమీటర్లు: మన టీ గ్లాసుకు చాలీచాలనంత. పండ్రెండు గంటలకు మించి ఇందఱు మనుష్యులు శ్రమించి సంపాదించిన ఆ గ్రుక్కెడు ద్రవము ప్రపంచమున అన్నిటికంటె చల్లనిది, పరమశూన్యమునకు పైన 4.2 డిగ్రీలు. కెల్విను పేరిట ఈ మానమున కొలుతురు గావున, ఇకపై కెల్వినులనియే వ్రాయుదును.

అది మొదలు పదునైదేండ్లు, 1923లో టొరాంటోవారు తమ యంత్రమును నడపువఱకు, భూమండలమున ద్రవహీలియము దొరకు చోటు లైడెన్ యొక్కటే. ఆ గుత్తాధిపత్య కాలములో యంత్రము చేసిన మహాకార్యములలో నేను ఒక్క దినమునే యెన్నుకొందును.

లోహములను చల్లార్చుకొలది వానిలో విద్యుత్తు నడచుటకు నిరోధము తగ్గునని ఎల్లరు నెఱుగుదురు; కాని పరమశూన్యమును సమీపించినపుడు ఏమగునన్నదానిపై అప్పటికి వాదులాట యుండెను. ఎలక్ట్రానులు సయితము గడ్డకట్టి నిరోధము అనంతమగునని కెల్విను ప్రభువు ఊహ. తగ్గి తగ్గి మాయమగునని మఱి కొందఱు. పాదరసమును పలుమాఱులు స్వేదనము చేసి మిక్కిలి శుద్ధముగ చేయవచ్చును గావున, ఓనెస్ దానిని సన్నని గాజుగొట్టములలో నింపి ద్రవహీలియమున ముంచెను. 1911 ఏప్రిల్ 8వ తేదిన ఫ్లిమ్ శీతలయంత్రమును నడపగా, డోర్స్‌మాన్ ఉష్ణోగ్రతను గమనించుచుండగా, హోల్స్ట్ అను యువకుడు కొంత దూరముననున్న చీకటిగదిలో కూర్చుండి గాల్వనోమీటరుతో నిరోధమును కొలిచెను. ఆచార్యుడు పెన్సిలుతో, చదువుటకు కష్టమైన వ్రాతలో, పాదరసపు నిరోధము ఇంచుమించు శూన్యమని టిప్పణిపుస్తకమున వ్రాసికొనెను. తరువాతి నెలలలో చూడగా, అది క్రమముగ తగ్గుట గాక 4.2 కెల్వినుల యొద్ద గోడనుండి దూకినట్లు ఒక్కుమ్మడిగ పడిపోవుచున్నదని తేలినది. పీడనమును కనిపెట్టుచుండిన నీలి కుఱ్ఱవాడొకడు కునుకు తీయగా అది పెరిగి ఉష్ణోగ్రత పైకెక్కి నిరోధము మరల ప్రత్యక్షమైనదనియు, అందువలననే ఆ దూకుడు కంటబడినదనియు లైడెన్‌లో ఒక ముచ్చట వాడుకలో నున్నది. ముచ్చట నిజమో కాదో గాని, ఆ ప్రకటనలు ఓనెస్ ఒక్కని పేరనే వెలువడినవి. గాల్వనోమీటరు కాంతిరేఖ జారుటను కన్నులార చూచిన హోల్స్ట్ పేరు ఎంతమందికి తెలియును?

ఇది అందఱకును తెలిసిన కథ. తెలియనిది అదే దినపు వ్రాతలో, దాని తరువాత కలదు. ఆ సాయంకాలము పంపులతో హీలియమును మఱింత చల్లార్చి ఇంచుమించు 2 కెల్వినుల దిగువకు తెచ్చినపుడు, అంతవఱకు కుతకుత మరుగుచున్న ద్రవము హఠాత్తుగ మరుగుట మానినదనియు, నిశ్చలముగ ఆవిరియగుచు కనబడునంతగ కుంచించుకొనిపోవుచున్నదనియు ఆచార్యుడు వ్రాసికొనెను. ఆ మాటను వ్రాసి ఊరకుండెను. ఆ రెండవ వాక్యమునకు అర్థము తెలియుటకు ఇరువదియేడేండ్లు పట్టినది. సూర్యునియందలి పసుపుగీత భూమిపైకి దిగుటకును సరిగా అన్నేండ్లే పట్టినవని లెక్కించి నేను నవ్వుకొంటిని.

1913లో ఓనెస్‌కు నోబెల్ బహుమానము వచ్చినది. 1914లో సీసపు తీగచుట్టలో విద్యుత్తును ప్రవేశపెట్టి, బ్యాటరీని తీసివేసి, గంటలతరబడి ఆ ప్రవాహము తనంతట తాను తిరుగుచుండుటను చూపెను. 1932లో ఫ్లిమ్ 200 ఆంపియర్ల ప్రవాహము తిరుగుచున్న సీసపు వలయమును ద్రవహీలియపు కూజాలో పెట్టుకొని విమానమున లండనుకు తీసికొనిపోయి ఒక ఉపన్యాససభలో ప్రదర్శించెను. అట్టి సంచి మోసికొని విమానమెక్కినవాడు అంతకు మునుపు లేడు. అప్పటికి ఓనెస్ గతించి ఆఱేండ్లైనది. ఆయన అంత్యయాత్రను గూర్చి ఒక కథ కలదు: చర్చిలో ఆలస్యము జరుగగా శవవాహనము వేగముగ నడచెనట; వెనుక నల్లకోట్లతో నడచుచున్న పనివారు ఆయాసపడుచు పరుగెత్తవలసివచ్చినపుడు, వారిలోనొకడు ముసలాయన ఇప్పటికిని మనలను పరుగెత్తించుచునే యున్నాడని గొణిగెనట.

మరుగుట మానినదన్న ఆ రెండవ వాక్యపు తాళపుచెవి మన దేశముననే తయారైనది. 1924 జూన్‌లో ఢాకా విశ్వవిద్యాలయమునుండి సత్యేంద్రనాథ బోసు ఐన్‌స్టీనుకు ఒక జాబుతో తన వ్యాసమును పంపెను. అందలి మూలసూత్రమును రెండు గవ్వలతో చెప్పవచ్చును. రెండు గవ్వలను రెండు పెట్టెలలో వేయుటకు మార్గములెన్ని? ఇది ఎఱ్ఱగవ్వ, అది తెల్లగవ్వ యని గుర్తుపట్టగలిగినచో నాలుగు; అందు రెండును ఒకే పెట్టెలో పడునవి రెండు, అనగా సగము. గవ్వలు ఒండొంటికి ఏ భేదమును లేనివైనచో, దీనిని అచ్చటను దానిని ఇచ్చటను వేసితినను మాటకే అర్థము పోయి మార్గములు మూడే మిగులును. అందు రెండు, ఒకే పెట్టెలో కూడునవి. ఏ ఆకర్షణయు లేకయే, కేవలము గుర్తింపు లేకపోవుటచేతనే, కణములు గుంపుగూడుటకు మొగ్గుచూపును. బోసు ఈ లెక్కను వెలుతురుకణములకు వేసెను. ఐన్‌స్టీను దానిని జర్మనులోనికి తర్జుమాచేసి ప్రకటించి, తాను అణువులకు వేసి చూచెను. చూడగా, తగినంత చల్లార్చిన వాయువులో ఒక హద్దు దాటిన పిమ్మట అణువులు అన్నిటికంటె అడుగుననున్న ఒక్క స్థితిలోనికి కుప్పలుకుప్పలుగ చేరునని తేలినది. సిద్ధాంతము ముచ్చటగ నున్నది గాని నిజమేపాటియని ఆయనకే సందేహము. ఆ సందేహమును లైడెన్‌లోని మిత్రుడు ఎహ్రెన్‌ఫెస్టుకు వ్రాసెను. 1924 డిసెంబరున ఐన్‌స్టీను స్వహస్తముతో వ్రాసిన ఆ వ్యాసపు ప్రతి లైడెన్‌లోని ఎహ్రెన్‌ఫెస్టు కాగితములలో పడియుండి, 2005లో ఒక విద్యార్థికి దొరకినది. యంత్రము నడచుచున్న ఊరిలోనే దాని రహస్యపు తాళపుచెవి బీరువాలో ఉండెనని చెప్పవలెను!

ఓనెస్ వారసుడగు కేసోమ్ 1932లో తన కుమార్తెతో కలిసి హీలియపు విశిష్టోష్ణమును కొలిచి, 2.17 కెల్వినుల ప్రాంతమున అది ఉవ్వెత్తుగ లేచి పడిపోవుటను చూచెను. 1938లో మాస్కోలో కపిట్సాయు, కేంబ్రిడ్జిలో ఆలెన్, మైసెనర్ అనువారును, ఆ హద్దునకు దిగువ హీలియము వెంట్రుకకంటె సన్నని సందులగుండ ఏ జిగటయు లేక జారిపోవునని ప్రకటించిరి. గాజుపాత్రలో పోసిన, అది గోడ నెక్కి వెలుపలికి దిగి పాత్రను ఖాళీచేయును. ఆ సంవత్సరముననే పారిస్‌లో ప్రవాసియైయున్న ఫ్రిట్జ్ లండన్ ఇది ఐన్‌స్టీను చెప్పిన కుప్పయేనని వాదించి, సూత్రముననుసరించి హద్దు 3.1 కెల్వినులు రావలెనని చూపెను. ద్రవములో అణువులు ఒండొంటిని త్రోసికొనుచుండుటను లెక్కకు తీసికొనని సూత్రమునకు 2.17కు ఇంత చేరువగ వచ్చుట సామాన్యము గాదు. మరుగుట ఏల ఆగినదో అపుడు తెలిసినది: ఇట్లు జిగట లేని అతిద్రవమగు హీలియము వేడిని అపారవేగముతో మోయును గావున, ఎచ్చటను బుడగ పుట్టుటకు కావలసిన వేడిచోటు మిగులదు.

అట్లయిన పాదరసపు సంగతి యేమి? అందు నడచునవి ఎలక్ట్రానులు. అవి గుంపుగూడుట అటుండగా, ఒక స్థితిలో ఒకటికి మించి నిలువనొల్లని మడిగట్టు జాతి. 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ ఈ చిక్కును విడదీసిరి. లోహపు పరమాణువుల నడుమ నొక ఎలక్ట్రాను పోవునపుడు చుట్టునున్న ధనావేశపు పరమాణువులు కొంచెము దానివైపు ఒరుగును. అవి మరల సర్దుకొనులోపల ఆ ఒరుగుడుచే మఱియొక ఎలక్ట్రాను ఆకర్షింపబడును. ఇట్లు జోడుకట్టిన రెండు మడిగట్టువారు ఒక్కటైనపుడు బోసు జాతిలో చేరి, కోట్లకొలది జోడులు ఒకే స్థితిలో ఒకే అడుగుతో నడచును. అపుడు ఒక్కదానిని ఆపవలెనన్న అన్నిటిని ఆపవలెను. ఇది ఐన్‌స్టీను కుప్పయే యనుట అతిశయోక్తి. ఒక జోడు విస్తీర్ణములో లక్షలకొలది ఇతర జోడులు అల్లుకొని యుండును గావున, సోదరుడని కాక పినతండ్రి కొడుకనవలెను. ఈ చుట్టఱికము ఎంత దగ్గఱదో నేటికిని తగవే. 1986లో జూరిచ్‌లో బెడ్నార్జ్, ముల్లర్ కనుగొనిన రాగి ఆక్సైడుల జాతిలో జోడులు మిక్కిలి చిన్నవి. వానిలో కొన్ని ద్రవనత్రజనికే, అనగా 77 కెల్వినులకే, లొంగును. వానిలో ఎలక్ట్రానులను జోడించునదేదో ఇంకను అందఱును ఒప్పుకొనిన సమాధానము లేదు. 1995లో బౌల్డరులో కార్నెల్, వైమన్ రెండువేల ప్రాంతపు రుబీడియము పరమాణువులను 170 నానోకెల్వినులకు చల్లార్చి ఐన్‌స్టీను కుప్పను కల్తీలేని వాయువులోనే చూపిరి. అచ్చటనే 2004లో డెబొరా జిన్ బృందము మడిగట్టు జాతి పరమాణువులను జోడుకట్టించి, అయస్కాంతక్షేత్రమును కొంచెము కొంచెము మార్చుచు, ఒక కొసనుండి మఱియొక కొసకు, ఐన్‌స్టీను కుప్పనుండి పాదరసపు జోడులవైపు, అంచెలంచెలుగ నడపవచ్చునని చూపినది. 1911లో ఒకే పాత్రలో ఒకే సాయంకాలము పొరుగున నిలిచిన రెండు వింతలకును నడుమ దారి కలదని అట్లు ప్రయోగము చెప్పినది.

ఓనెస్ యంత్రపు సంతతి వేగముగ పెరిగినది. 1946 ప్రాంతమున అమెరికాలో కాలిన్స్ నిర్మించిన యంత్రముతో ద్రవహీలియము మామూలు సరకై, తరువాత ఆసుపత్రుల ఎం.ఆర్.ఐ. అయస్కాంతములలోనికి చేరినది, గుంటూరులో నేడు రోగి పడుకొను ఆ గొట్టము చుట్టును ఆ సూర్యలోకవాసియే చల్లగ మరుగుచుండును. జెనీవా యొద్ద కణములను అతివేగమున త్రిప్పు చక్రము గల 27 కిలోమీటర్ల సొరంగములో నయోబియము-టైటానియము తీగలతో చుట్టిన 1232 వంపు అయస్కాంతములను 1.9 కెల్వినులకు చల్లార్చుటకు అతిద్రవ హీలియమునే వాడుదురు: నిరోధము లేని అతివాహకమును అతిద్రవము మోయుచున్నది. లైడెన్ గ్రుక్కెడునకు నూఱేండ్లు నిండిన 2008లోనే ఆ చక్రము తిరిగినది. తొమ్మిది దినములకే రెండు అయస్కాంతముల నడుమ నొక అతుకునందు నిరోధము శూన్యముగ నుండకపోగా అది కరగి, సుమారు ఆఱు టన్నుల హీలియము సొరంగములోనికి వెడలిపోయినది. నిరోధము ఇంచుమించు శూన్యమనుటకును శూన్యమనుటకును గల భేదము అంత ఖరీదైనది.

మొదటి యంత్రము లైడెన్‌లోని బూర్‌హావె మ్యూజియములో గాజు అలమరలో నిలిచియున్నది. ఎత్తయిన చట్రమునకు బిగించిన నీరులేని గాజుకడుపు, కెసెల్రింగ్ ఊదిన ఒంపులతో, చూచువారికి ఒక పాత మందుల దుకాణపు సామాను వలె కనబడును. ఓనెస్ టిప్పణిపుస్తకములును అచ్చటనే భద్రముగ నున్నవి. 1911 ఏప్రిల్ 8వ తేది వ్రాతలను తెఱచినచో, పాదరసమును గూర్చిన మాటయు, దాని తరువాత మరుగుట ఆగిపోయినదన్న మాటయు, అదే మసక పెన్సిలువ్రాతలో కనబడును.